మీకు జబ్బు చేసింది, ఆర్డరుకు చేయలేదు

ప్రశ్న: మాది హిందూపురం దగ్గర పల్లె. బెంగళూరు పీణ్యాలో పదకొండేళ్లుగా మెషీన్ ఆపరేటర్‌గా పనిచేస్తున్నాను. జీతం 20 వేలు. నేనూ నా భార్యా విడిపోయి మూడేళ్లయింది. తొమ్మిదేళ్ల పాప వాళ్లమ్మ దగ్గర ఉంటుంది. పాపకు నెలకు 6 వేలు ఇవ్వాలని ఇక్కడి ఫ్యామిలీ కోర్టు ఆర్డరిచ్చింది. మొన్నమొన్నటి దాకా ఒక్క నెల కూడా ఆపలేదు. ఐదు నెలల కిందట నాకు వెన్నెముక టీబీ అని తేలింది. అప్పట్నుంచి డ్యూటీ లేదు, ఈఎస్ఐ (కార్మికుల బీమా) డబ్బే ఆధారం. మూడు నెలలుగా పాపకు ఏమీ పంపలేదు. ‘ఈఎస్ఐ డబ్బును ఏ కోర్టూ ముట్టుకోలేదు, నీకేం భయం’ అంటున్నాడు తోటి ఆపరేటర్. ఉద్యోగానికి రాజీనామా చేస్తే ఇంకా మంచిదంటున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: తమ్ముడూ, నేను వకీలును కాను. ఫ్యామిలీ కోర్టులో జడ్జిగారి ముందు ఫైళ్లు పెట్టే గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ణి. మీలాంటి ఫైళ్లు నా చేతుల మీదుగా చాలానే వెళ్లాయి కాబట్టి చెబుతున్నాను.

మీ స్నేహితుడి మాటలో సగం నిజముంది, అదే ప్రమాదం. ఈఎస్ఐ నగదు సాయాన్ని కోర్టు జప్తు చేయకూడదని 1948 నాటి ఈఎస్ఐ చట్టంలోనే రాశారు. అయితే మనోవర్తి బాకీ వసూలుకు జప్తు ఒక్కటే దారి కాదు. సరైన కారణం చూపకుండా ఆపితే వారెంటు వస్తుంది. బాకీపడ్డ ఒక్కో నెలకు నెల దాకా జైలు వేయొచ్చు. జైలుకెళ్లొచ్చినా బాకీ చెల్లినట్టు కాదు. ఇక్కడ ‘సరైన కారణం’ అన్న మాటే మీకు దిక్కు. జబ్బు సరైన కారణమే. కానీ ఆ సంగతి వారెంటు చేతికొచ్చాక చెబితే సాకులా వినిపిస్తుంది, ముందే మీరే వెళ్లి చెబితే నిజంలా వినిపిస్తుంది. ఆ తేడాను నేను కళ్లారా చూశాను.

మీకు జబ్బు చేసినంత మాత్రాన ఆర్డరులోని 6 వేలు దానంతటది తగ్గదు. పరిస్థితులు మారాయని చూపించి, ఆ మొత్తాన్ని మార్చమని మీరే అర్జీ పెట్టుకోవాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో అది 127వ సెక్షన్. 2024 జులై 1 నుంచి దాని బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 146. అర్జీ ఎంత ఆలస్యమైతే 6 వేల లెక్కన బాకీ అంత పెరుగుతుంది. ఇప్పటికే 18 వేలయింది. దాన్ని వాయిదాల్లో కడతానని అదే అర్జీలో అడగండి.

వకీలు ఫీజు గురించి దిగులొద్దు. ఫ్యాక్టరీ కార్మికుడికి ఉచిత న్యాయసేవ 1987 చట్టం ఇచ్చిన హక్కు. 15100కు ఫోన్ చేయండి, లేదా సిద్దయ్య రోడ్డులో న్యాయసేవల ఆఫీసున్న న్యాయదేగుల భవనానికి వెళ్లి అడగండి.

ఇక లెక్క. జడ్జిగారు వేసేది ఇదే, మీరే ముందు వేసుకోండి. ఈఎస్ఐలో మొదటి 91 రోజులు సగటు కూలిలో 70 శాతం ఇస్తారు. మీ జీతానికి సుమారు 14 వేలు. టీబీ దీర్ఘరోగాల జాబితాలో ఉంది. రెండేళ్లు వరసగా ఉద్యోగంలో ఉండి, ఈఎస్ఐకి చందా కట్టిన రోజులు సరిపోతే ఆ తర్వాత 80 శాతం, అంటే 16 వేల దగ్గర, రెండేళ్ల దాకా రావొచ్చు. అంటే మీకు రాబడి పోలేదు, తగ్గింది. నిజం చెప్పాలంటే మూడు నెలలు అసలేమీ పంపకపోవడం నాకు నచ్చలేదు. జడ్జిగారికీ నచ్చదు. 6 వేలు కాస్తా వెయ్యో రెండు వేలో అయిపోతుందని ఆశ పెట్టుకోకండి. అయితే బస్సెక్కలేక ఆస్పత్రికి ఆటోలో తిరిగే ఖర్చు, ఇంట్లో సాయానికి పెట్టుకున్న మనిషి జీతం, ఇవన్నీ చెప్పుకోదగ్గవే. రసీదులు దాచండి. టీబీ రోగికి తిండికోసం ప్రభుత్వం ఇచ్చే నెలకు 1,000 రూపాయలు మీ ఖాతాలో పడుతుంటే అదీ రాయండి. దేనికిచ్చిందో పక్కనే రాయండి. దాచిపెట్టారో, బ్యాంకు స్టేట్‌మెంటు మిమ్మల్ని పట్టిస్తుంది. 2020లో సుప్రీంకోర్టు రజనేశ్, నేహా కేసులో చెప్పినప్పటినుంచి ఇద్దరూ ఆస్తులు, ఆదాయాలు, అప్పులతో అఫిడవిట్ వేయాలి. పాప తల్లి సంపాదిస్తుంటే పాప ఖర్చు ఇద్దరి మధ్యా పంచొచ్చని కూడా ఆ తీర్పులోనే ఉంది. వాదనలో అది మీ వకీలు చూసుకుంటారు, మీరు దాంతో పోట్లాటకు దిగకండి.

కాగితాల విషయంలో ఒక మాట. ఒకాయన సంచినిండా స్కాన్ ఫిల్ములు తెచ్చాడు. ‘ఫలానా తేదీ నుంచి పనికి వెళ్లే స్థితిలో లేడు’ అన్న కాగితం మాత్రం ఒక్కటీ లేదు. ఫిల్మును జడ్జిగారేం చదువుతారు? మీకు ఈఎస్ఐ డాక్టరిచ్చే సర్టిఫికెట్లే ప్రాణం. తేదీల మధ్య ఖాళీ రాకుండా చూసుకోండి. ఖాళీ వస్తే అక్కడ ఈఎస్ఐ డబ్బూ ఆగుతుంది, ఇక్కడ ప్రశ్నలూ మొదలవుతాయి.

రాజీనామా మాట మరిచిపోండి. కావాలనే రాబడి పోగొట్టుకున్నాడని ఎదుటి వకీలు ఒక్క ముక్కలో తేల్చేస్తాడు.

ఈ వారమే, ఎంత వీలైతే అంత, బ్యాంకు ద్వారా పాప తల్లికి పంపండి. చేతికివ్వకండి. జబ్బు సంగతి ఆమెకు చెప్పారో లేదో మీ ఉత్తరంలో లేదు. చెప్పకపోతే ఇప్పుడు చెప్పండి, ఆమె దృష్టిలో మీరు ఊరికే ఎగ్గొట్టినవారు. ఆమె ‘సరే, బాగయ్యాక ఇవ్వండి’ అని వాట్సాప్‌లో రాసినా ఆర్డరు మారదు. ఒప్పుకుంటే ఇద్దరూ మధ్యవర్తి దగ్గర రాయించుకుని జడ్జిగారి ముందు పెట్టండి, కేసు సగం తేలికవుతుంది.

వాయిదా రోజున మాత్రలు వేసుకుని, తినడానికేమైనా కట్టించుకుని బయల్దేరండి. పిలుపు ఏ వేళకొస్తుందో చెప్పలేం.