జువెనల్ ఆరవ కవితలో అదనపు పాదాలు

ప్రశ్న: విజయవాడ ఏలూరు రోడ్డులో పాత పుస్తకాల మధ్య రోమన్ కవి జువెనల్ వ్యంగ్య కవితలకు రెండు ఇంగ్లీషు అనువాదాలు దొరికాయి. ఒకదానిలో, ఆరవ కవిత 365వ పాదం తర్వాత ముప్పైకి పైగా పాదాలు అదనంగా ఉన్నాయి. రెండోదైన ఇంగ్లీషు కవి డ్రైడెన్ అనువాదంలో అవి లేవు. ఆయన వదిలేశారా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వదిలేయలేదండీ, ఆయనకు అవి కనిపించే అవకాశమే లేదు. డ్రైడెన్ అనువాదం 1693 నాటిది. ఆ పాదాలు బయటపడింది 1899లో. విన్‌స్టెడ్ అనే ఆక్స్‌ఫర్డ్ విద్యార్థి, బోడ్లియన్ గ్రంథాలయంలో దక్షిణ ఇటలీ లిపిలో ఉన్న ఒక రాతప్రతిని చదువుతూ, తక్కిన ప్రతుల్లో లేని 36 పాదాలను గుర్తించాడు: 365వ పాదం తర్వాత 34, 373వ పాదం తర్వాత 2. అప్పటికి జువెనల్ ప్రతులను పండితులు శతాబ్దాలుగా జల్లెడ పడుతూనే ఉన్నారు, అయినా ఇవి ఎవరి కంటా పడలేదంటే ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఇవి జువెనల్ రాసినవేనా అన్నది తేలని వాదం. 1905లో జువెనల్‌ను పరిష్కరించిన హౌస్‌మన్ అసలువేనన్నారు. కాదన్న పరిష్కర్తలూ ఉన్నారు. నా మొగ్గు హౌస్‌మన్ వైపే. తాటాకు ప్రతులను పోల్చి 1829లో వేమన పద్యాలను అచ్చువేసిన బ్రౌన్ దొర శ్రమ తెలిసిన మనకు, ఒక్క ప్రతిలోనే మిగిలిన పద్యాన్ని తోసిపుచ్చడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు.

లాటిన్ ముద్రణల్లో ఆ 34 పాదాలకు ‘ఓ’ (O) అక్షరంతో విడిగా అంకెలు వేస్తారు, చూడండి.