రెండో పిక్కుకి ఎవర్ని తీసుకుందాం?

ఏప్రిల్ దగ్గరపడిందంటే చాలు, ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాల్లో వీసా సందేహాలు పక్కకి జరిగి ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్ గొడవలు ముందుకొస్తాయి. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ టీములు కాలేజీ కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకునే పండగ అది, ఒక్కో వంతూ ఒక పిక్కు. ఈసారి వచ్చినవాటిలో సగం తిట్లే. అవి తీసేసి మిగిలినవాటికి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా టీమ్‌కి ఈసారి రెండో పిక్, కావలసింది క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపేవాడు. మా బావమరిది ఆరడుగుల అయిదంగుళాల కుర్రాడు కావాలంటాడు, బంతి విసిరితే అరవై గజాలు దాటుతుంది, కాకపోతే ఎవరి చేతిలో పడుతుందో దేవుడికే తెలియాలి. నేను పొట్టివాడైనా గురి ఉన్నవాడు, కాలేజీలో నలభై ఆటలు స్టార్ట్ చేసినవాడు కావాలంటాను. అతనికి కాపలా కాసే మా లైన్ గురించి మాత్రం అడక్కండి, నిరుడు మా క్వార్టర్‌బ్యాక్ నిలబడ్డది తక్కువ, పడుకున్నది ఎక్కువ. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మాటలు ఆగిపోయాయి. ఎవరిది కరెక్ట్ సార్?

జవాబు: ఇద్దరి దగ్గరా సాక్ష్యం ఉంది, అదే చిక్కు. మీ బావమరిది ఈపాటికి జోష్ ఆలెన్ పేరెత్తి ఉంటాడు, చెయ్యి బలం మీద మనసు పడ్డ ప్రతివాడూ ఆయన్నే తెస్తాడు. నిజమే, వ్యోమింగ్ యూనివర్సిటీలో ఆలెన్ విసిరిన పాసుల్లో చేరినవి 56 శాతమే, 2018లో బఫెలో ఏడో పిక్కుకి తీసుకున్నప్పుడు నవ్వినవాళ్ళకి కొదవలేదు. మొదటి ఏడాది 53 శాతం దగ్గర తచ్చాడాడు, రెండో ఏడాది 59 దగ్గరికి వచ్చాడు, 2020లో ఏకంగా 69 దాటాడు, 2024 సీజన్‌కి ఎంవీపీ (ఆ ఏటి మేటి ఆటగాడు) కూడా అయ్యాడు. ఈ కథ చెప్పేవాళ్ళు మధ్యలో ఒక ముక్క మింగేస్తారు. ఆ మూడేళ్ళూ హెడ్ కోచ్ మారలేదు, అఫెన్స్ నడిపినవాడూ మారలేదు, బ్రయన్ డేబల్ ఒక్కడే. పైగా మూడో ఏడాదికి స్టెఫాన్ డిగ్స్ లాంటి, బంతి అందుకునే రిసీవర్‌ని ట్రేడ్ చేసి తెచ్చిపెట్టారు. మీ టీమ్ ఈమధ్య ఎంతమంది కోచ్‌లని మార్చిందో మీరు రాయలేదు, ఓసారి బావమరిదిని వేళ్ళమీద లెక్కపెట్టమనండి.

ఆలెన్‌ని చూసి అందరూ ఇంకో ఆలెన్ కోసం వెతకడం మొదలుపెట్టారు. 2023లో ఇండియానాపొలిస్ నాలుగో పిక్కుకి ఆంథనీ రిచర్డ్‌సన్‌ని తీసుకుంది. అంత శరీరం, అంత వేగం ఉన్న క్వార్టర్‌బ్యాక్‌ని కంబైన్‌లో (డ్రాఫ్ట్‌కి ముందు కుర్రాళ్ళని కొలిచి పరిగెత్తించే పరీక్ష) అప్పటిదాకా చూడలేదన్నారు. కాలేజీలో స్టార్ట్ చేసింది 13 ఆటలు. మొదటి ఏడాది నాలుగు ఆటలకే భుజం పోయింది, రెండో ఏడాది పాసుల్లో సగం కూడా చేరలేదు, మధ్యలో బెంచి మీద కూర్చోబెట్టారు. తప్పంతా కుర్రాడిదేనంటే నేనొప్పుకోను. పదమూడు ఆటలు ఆడినవాడికి తను ఎక్కడ తప్పు చేస్తున్నాడో తెలుసుకునే టైమే దొరకలేదు.

ఇక మీ వైపు. అదే ఏడాది మొదటి పిక్కు బ్రైస్ యంగ్, మీరు వర్ణించిన కుర్రాడికి అన్నలా ఉంటాడు. పొట్టి, అలబామాలో కాలేజీ మేటి ఆటగాడికిచ్చే హైస్‌మన్ గెలిచాడు, చదరంగం ఆడినట్టు ఆడతాడని పేరు. కరోలినా అతన్ని లైన్ సరిగా లేని చోట నిలబెట్టింది, ఆ ఏడాది 62 సార్లు శాక్ అయ్యాడు (బంతి విసరకముందే పడగొట్టారు), పదకొండు ఆటలకే హెడ్ కోచ్‌ని పంపించేశారు, టీమ్ 2-15 (రెండు గెలుపులు, పదిహేను ఓటములు). అంటే గురి ఉన్నంత మాత్రాన గండం గట్టెక్కదు. మీ లైన్ గురించి అడక్కండి అన్నారు కానీ నేను అడిగేది అదే. 2002లో కొత్తగా వచ్చిన హ్యూస్టన్ టీమ్ మొదటి పిక్కుకి డేవిడ్ కార్‌ని తీసుకుంది, ఒక్క సీజన్‌లో 76 శాక్‌లు, ఆ రికార్డు ఇంకా ఎవరూ చెరపలేదు. అన్ని దెబ్బలు తిన్నవాడు ఆ తర్వాత ముందున్న రిసీవర్‌ని చూడడు, పక్కనుంచి ఎవడొస్తున్నాడోనని చూస్తాడు.

నేనైతే కాలేజీ వీడియోల్లో చెయ్యి చూడను, మీదకి మనుషులొస్తున్నప్పుడు ఏం చేస్తున్నాడో చూస్తాను. బంతి వదిలేస్తున్నాడా, ఒకడుగు పక్కకి జరిగి విసురుతున్నాడా, లేక వెనక్కి వెనక్కి పరిగెత్తి పదిహేను గజాలు పోగొడుతున్నాడా. కాలేజీలో శాక్ తెచ్చుకునే అలవాటున్నవాడు ఇక్కడా తెచ్చుకుంటాడు, అది అంత తొందరగా వదిలే రోగం కాదు. ఇలా గొప్పగా చెబుతున్నాను గానీ నేను న్యూయార్క్ జెట్స్ టీమ్ అభిమానిని. 2021లో జాక్ విల్సన్ ప్రో డేలో (టీములవాళ్ళ ముందు కాలేజీలో చేసి చూపించే రోజు) ఎడమవైపు పరిగెత్తుతూ ఒంటికి అడ్డంగా బంతిని అంత దూరం విసిరిన వీడియో చూసి, మా ఇంట్లో వాళ్ళందరికీ పిలిచి మరీ చూపించాను. ఆ రోజు అతని ఎదురుగా డిఫెన్స్ అంటూ ఒక్క మనిషి లేడన్న సంగతి నాకు తట్టనేలేదు. రెండో పిక్కు అతనికే పోయింది, తర్వాత సంగతి నన్ను అడక్కండి.

నా ఓటు మీ కుర్రాడికే, అయితే రెండో రౌండ్‌లో లైన్‌లో నిలబడే ఒక మంచి టాకిల్‌ని తీసుకుంటామని మీ జీఎం (టీమ్ జనరల్ మేనేజర్) దగ్గర మాట తీసుకున్నాకే. మీ బావమరిదికి ఈ పేజీ పంపకండి, గ్రూపు ఇంకా పాడవుతుంది.

ప్రశ్న: మా ఆయన డ్రాఫ్ట్ జరిగే మూడు రోజులూ టీవీ ముందు నుంచి లేవరు. ఆట లేదు, స్కోరు లేదు, ఎవరో వచ్చి పేరు చదివితే ఈయన అరుస్తారు. ఓడిపోయిన టీమ్‌కి మంచి ఆటగాడు దొరకడం ఏమిటండీ, విడ్డూరం?

జవాబు: విడ్డూరమే కానీ అందులోనే కిటుకు ఉందమ్మా. 32 టీములు, ఏడు రౌండ్లు. గురువారం మొదటి రౌండ్, శుక్రవారం రెండూ మూడూ, శనివారం మిగిలినవి. నిరుడు అట్టడుగున ఉన్నవాడు ముందు ఎంచుకుంటాడు, సూపర్ బౌల్ (సీజన్ ఫైనల్) గెలిచినవాడు అందరికన్నా చివర. ఎప్పుడూ ఒకే టీమ్ గెలవకుండా ఈ ఏర్పాటు. క్వార్టర్‌బ్యాక్ కోసమే అంత అరుపులెందుకంటే డబ్బు. 2011 నుంచి కొత్తవాళ్ళ జీతాలకి కట్టుబాటు ఉంది, మొదటి రౌండ్ వాళ్ళకి నాలుగేళ్ళ కాంట్రాక్టు, అయిదో ఏడాది ఉంచుకోవాలా వద్దా అన్నది టీమ్ ఇష్టం. 2024లో మొదటి పిక్కు కాలెబ్ విలియమ్స్‌కి నాలుగేళ్ళకి కలిపి సుమారు 39 మిలియన్ డాలర్లు. అదే ఏడాది డల్లాస్ తన పాత క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌కి ఏడాదికే 60 మిలియన్లు ఒప్పుకుంది. కొత్త కుర్రాడు కుదిరితే మిగిలిన డబ్బుతో మిగతా టీమ్‌ని కొనుక్కోవచ్చు. మీ వారు అరిచేది దానికి. మూడో రోజు మాత్రం ఆయన్ని లేపి పనులు చెప్పండి, అంత గొప్ప క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీయే 199వ పిక్కు అని వాదిస్తారు, ఆ వాదన ప్రతి ఏడాదీ పనిచేయదు.

ప్రశ్న: మాకు తొమ్మిదో పిక్. మూడు ఫస్ట్ రౌండ్ పిక్కులిచ్చి అయినా సరే పైకి వెళ్ళాలంటున్నాడు మా రేడియో ఆయన.

జవాబు: రేడియో ఆయన జేబులోంచి పోయేదేముంది. 2021లో శాన్‌ఫ్రాన్సిస్కో తన 12వ పిక్కుతో పాటు తర్వాతి రెండేళ్ళ ఫస్ట్ రౌండ్లూ ఇచ్చి, పైన ఒక మూడో రౌండ్ కొసరేసి, మూడో పిక్కుకి వెళ్ళి ట్రే లాన్స్‌ని తెచ్చుకుంది. అక్కడ అతను స్టార్ట్ చేసింది నాలుగు ఆటలు. వాళ్ళని సూపర్ బౌల్‌కి తీసుకెళ్ళింది 2022లో అందరికన్నా ఆఖరి పిక్కుగా, 262వ నంబరుగా వచ్చిన బ్రాక్ పర్డీ. కరోలినా సంగతి ఇంకా అన్యాయం. బ్రైస్ యంగ్ కోసం చికాగోకి ఇచ్చినవాటిలో మరుసటి ఏడాది ఫస్ట్ రౌండ్ ఉంది, 2-15 దెబ్బకి అది మొదటి పిక్కు అయి కూర్చుంది. చికాగో కాలెబ్ విలియమ్స్‌ని తీసుకుంది ఆ పిక్కుతోనే.

పైకి వెళ్ళడమే తప్పని కాదు. 2017లో కాన్సస్ సిటీ 27 నుంచి 10కి ఎక్కి, తర్వాత సూపర్ బౌల్‌లు గెలిపించిన పాట్రిక్ మహోమ్స్‌ని తీసుకుంది. కానీ అదనంగా ఇచ్చింది ఆ ఏడాది ఒక మూడో రౌండ్, మరుసటి ఏడాది ఒక ఫస్ట్ రౌండ్. పైగా అప్పటికే వాళ్ళది ప్లేఆఫ్స్ ఆడిన టీమ్. ఇల్లు సర్దుకున్నవాడు అప్పు చేసి టీవీ కొంటే ఫర్వాలేదు, మీ ఇంటికి ఇంకా పైకప్పే లేదు.

ప్రశ్న: 2017లో మహోమ్స్‌ని వదిలేసి రెండో పిక్కుకి ట్రుబిస్కీని తీసుకున్న రోజు గుర్తొస్తే ఇప్పటికీ నిద్ర పట్టదు. ఈ బాధ ఎప్పుడు తగ్గుతుంది? పేరు వేయకండి. చికాగో.

జవాబు: తగ్గదు. కాస్త ఊరట మాత్రం ఇవ్వగలను. కాన్సస్ సిటీలో మహోమ్స్ మొదటి ఏడాదంతా అలెక్స్ స్మిత్ వెనక కూర్చుని నేర్చుకున్నాడు, ఆడింది చివరి ఆట ఒక్కటే. మీ దగ్గరైతే నాలుగు ఆటలకే మైక్ గ్లెనన్‌ని దింపేసి కుర్రాడిని మైదానంలోకి తోశారు, ఆ సీజన్ అవగానే కోచ్‌నీ పంపేశారు. ఆ తొందరలో మహోమ్స్ ఉన్నా ఏమయ్యేవాడో చెప్పడం కష్టం. అయినా మూడు నుంచి రెండుకి, ఒక్క మెట్టు ఎక్కడానికి అన్ని పిక్కులు ఇచ్చిన సంగతి తలుచుకుంటే మాత్రం నాకూ నిద్ర పట్టదు.

ప్రశ్న: మా రూకీ (మొదటి ఏడాది క్వార్టర్‌బ్యాక్) ఇంటర్‌సెప్షన్లతో, అంటే బంతిని ఎదుటి టీమ్ చేతిలో వేసి చంపేస్తున్నాడు. ఈసారి ఇంకొకడిని తీసుకోవచ్చా?

జవాబు: పేటన్ మానింగ్ 1998లో రూకీగా వేసిన ఇంటర్‌సెప్షన్లు 28, టీమ్ 3-13. ఆగారు, మంచిదైంది. అరిజోనా 2018లో పదో పిక్కుకి జోష్ రోజన్‌ని తెచ్చుకుని, 2019లో మొదటి పిక్కుకి కైలర్ మరేని తీసుకుని రోజన్‌ని ఏడాదికే ట్రేడ్ చేసేసింది, ఆగలేదు, అదీ తప్పని నేననను. తప్పు ఎక్కడ చేస్తున్నాడో చూడండి. మూడో క్వార్టర్లో చేసిన తప్పు నాలుగో క్వార్టర్లో మళ్ళీ చేస్తుంటే ఇంకొకడిని చూసుకోండి, కొత్త కొత్త తప్పులు చేస్తుంటే ఇంకో ఏడాది ఆగండి. మా శామ్ డార్నల్డ్ మా దగ్గర మూడేళ్ళు ఏడిపించి, 2024లో మిన్నెసోటా వెళ్ళి 14 ఆటలు గెలిపించాడు. నేనెవరికి చెప్పుకోను?

ప్రశ్న: కంబైన్‌లో అరచేతులు కొలుస్తారెందుకు?

జవాబు: తడిలో, చలిలో బంతి జారిపోతుందేమోనని. 2020లో జో బరో చెయ్యి తొమ్మిది అంగుళాలేనని తేలితే, బంతి చిన్న చేతుల్లోంచి జారిపోతుందట, రిటైరవుదామనుకుంటున్నానని ఆయనే జోకేశాడు. రెండో సీజన్‌కే సిన్సినాటీని సూపర్ బౌల్‌కి తీసుకెళ్ళాడు. కొలిచే టేపు ఇప్పటికీ తీసుకెళ్తూనే ఉన్నారు.