ఒకడు క్రేన్ ఆపుతాడు, ఒకామె టికెట్లు కొడుతుంది: ఇద్దర్నీ ఒకే ఆటలో నడపడం ఎట్లా?

కావలి నుంచి అడిగిన తమ్ముడికి. నువ్వు కథ నడిపే సూపర్ హీరో ఆటలో (తలా ఒక క్యారెక్టర్‌లోకి దిగి మాటలతో, పాచికలతో ఆడేది) ఐదుగురు ఉన్నారు, ఒకడి క్యారెక్టర్ గాల్లో ఎగురుతాడు, ఒంట్లోకి తూటా దిగదు, ఇంకొకరిది పవర్లేమీ లేని మామూలు విలేకరి, ఫైట్ మొదలైతే ఆ ఒక్కడే అంతా ముగించేస్తున్నాడు, విలేకరిగా ఆడే అమ్మాయి మానేస్తానంటోంది, ఏం చేయాలి అన్నావు. నెల్లూరులో ఇదే టెన్షన్ నేను ఏడాది పాటు పడ్డాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

మేం ఆడేది మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్ మూడో ఎడిషన్. అందులో మామూలుగా అందరూ పవర్ లెవెల్ (బలానికి పెట్టే హద్దు) 10తో, క్యారెక్టర్‌ని తయారుచేసుకునే 150 పాయింట్లతో మొదలుపెడతారు. దాడి బోనస్, దెబ్బ ర్యాంకు రెండూ కలిపి లెవెల్‌కి రెట్టింపు దాటకూడదు, అంటే 20. డాడ్జ్ (తప్పించుకోవడం), టఫ్‌నెస్ (దెబ్బ తట్టుకోవడం) కలిపినా అంతే. ఈ కట్టడి ఉన్నంతవరకు ఫైట్‌లో ఎవరూ మరీ వెనకబడరు. కానీ మేం కావాలనే దాన్ని పక్కన పెట్టాం, ఎందుకంటే మా బావకి కొండని పిండి చేసే మనిషి కావాలి, మా పిన్ని కూతురేమో "నాకు పవర్లొద్దన్నా, ఆర్టీసీ కండక్టర్‌గా ఆడతా" అంది. బావకి లెవెల్ 12 ఇచ్చా, చెల్లికి 8.

ఇక్కడ లెక్క చూడు. విలన్‌ని బావకి తగ్గట్టు 12 ర్యాంకు దెబ్బతో తయారుచేశాననుకో, దాన్ని తట్టుకోవాలంటే పాచిక మీద పడ్డదీ టఫ్‌నెస్సూ కలిసి 27 (15కి ఆ 12 కలిపితే) రావాలి. టఫ్‌నెస్ 12 ఉన్న బావకి 20 ముఖాల పాచిక మీద 15 పడితే చాలు, అంటే ఆరు ముఖాలు పనికొస్తాయి. టఫ్‌నెస్ 8 ఉన్న చెల్లికి 19 పడాలి, రెండే ముఖాలు. పోనీ విలన్‌ని చెల్లి స్థాయికి దించితే బావ రెండు రౌండ్లలో వాణ్ణి మట్టి కరిపిస్తాడు, మిగతావాళ్లకి పాచిక పట్టుకునే పనే ఉండదు. నంబర్లు ఎటు జరిపినా ఒకరికి అన్యాయమే.

నేను చేసిన మొదటి తప్పు బావ బలాన్ని గుంజుకోవడం. ప్రతి వారం విలన్ దగ్గర ఆ బలాన్ని లాగేసే రాయో, పొగో ఏదో ఒకటి పెట్టేవాణ్ణి. నాలుగో వారం బావ తన క్యారెక్టర్ వివరాలున్న షీట్ బోర్లించి పెట్టి, "ఏంది అబ్బయ్యా, గుంజుకునేదానికైతే పవర్ ఎందుకిచ్చావ్?" అన్నాడు. ఆయన మాట నూటికి నూరు పాళ్లు న్యాయం. పైగా బావ నీరసపడినంత మాత్రాన చెల్లికి కొత్తగా చేసేదేమీ రాలేదు. ఆమె అట్లానే కూర్చుని ఉంది.

దారి దొరికింది మా తాత వల్ల. టంగుటూరు దగ్గర మాకు పొలం ఉండేది. ఎలపటెద్దు గట్టిది, దాపటెద్దు కుర్రది. తాత గట్టిదాన్ని కట్టేసి ఉంచలేదు, కుర్రదానికి లేని బలం ఎక్కించలేదు. నాగలి పొడుగుకర్రని కాడికి నట్టనడుమ కట్టకుండా గట్టి ఎద్దు వైపు జానెడు జరిపి కట్టేవాడు. కుర్రదాని వైపు కాడి పొడుగవుతుంది, తక్కువ లాగినా సరిపోతుంది, గట్టిది తన బలమంతా పెట్టాల్సొస్తుంది, నాగటి చాలు సూటిగా పడుతుంది. పండక్కి ఊరెళ్లినప్పుడు ఆ కాడి చూశాను, ఎక్కువ కాలం తాడు ఒరిసిన చోట కర్ర నున్నగా గుంటపడి ఉంది. నాకు ఆట గుర్తొచ్చింది.

ఆటలో ఆ కాడి పొడుగంటే హీరో పాయింట్లు. రూల్ ప్రకారం ప్రతి సెషన్‌కి అందరూ ఒక్క పాయింట్‌తో మొదలవుతారు. దాంతో పాచిక మళ్లీ వేయొచ్చు, రెండోసారి 10 లోపు పడితే దానికి ఇంకో 10 కలుస్తుంది, లేదంటే సీన్‌లో తనకు పనికొచ్చే చిన్న వివరం ఒకటి తనే చేర్చుకోవచ్చు. నేను చెల్లికి మూడు ఇచ్చా, బావకి ఒకటే. ఇది నా సొంత పైత్యం కాదులే, బఫీ టీవీ సీరియల్ మీద 2002లో వచ్చిన ఆటలో హీరోకి 10 డ్రామా పాయింట్లు, పక్కనుండే మామూలు మనుషులకి 20 ఇచ్చారు.

అయితే పాయింట్లొక్కటే చాలవు, సీన్ కట్టడంలోనే అసలు పని ఉంది. మాకు బాగా కుదిరింది కృష్ణపట్నం పోర్టు సీన్. పెద్ద క్రేన్ ఒరుగుతోంది, బావ దాన్ని వీపు మీద ఆపాడు. అది ఆయన ఒక్కడే చేయగలిగిన పని, కానీ వదిలితే పడిపోతుంది, కదలడానికి లేదు. కింద పొగలో రెండొందల మంది కూలీలు, గేటు దగ్గర తొక్కిసలాట. చెల్లి ఒక పాయింట్ పెట్టి "ముత్తుకూరు బస్సు ఈ టైముకి గేటు బయటే ఉంటుంది, డ్రైవర్ నాకు తెలుసు" అంది. తర్వాత కుర్చీలోంచి లేచి, గొంతు మార్చి, "తోసుకోవద్దమ్మా, పిల్లలున్నవాళ్లు ముందు, లోపలికి జరగండి, లోపలికి జరగండి... రైట్ రైట్!" అని అరిచింది. పాచిక 4 పడింది, ఇంకో పాయింట్ పెట్టి మళ్లీ వేస్తే 7, పది కలిపి 17. గది మొత్తం కేకలు. బావ అయితే ఆమె జనాన్ని దాటించేదాకా క్రేన్ ఎట్లా మోస్తున్నాడో పళ్లు బిగపట్టి చెబుతూనే ఉన్నాడు. ఆ రోజు ఎవరి పవరూ తగ్గించలేదు.

ఫైట్ తప్పదనుకుంటే పెద్ద విలన్‌తో పాటు చిల్లర గూండాల్ని దించు. ఈ ఆటలో అట్లాంటివాళ్లు (మినియన్లు అంటారు) ఒక్కసారి తట్టుకోలేకపోతే పడిపోతారు, నీ విలేకరి కూడా ఇద్దర్ని పడగొట్టగలదు. అట్లాగని ప్రతిసారీ అదే చేస్తే ఆమెకి మిగిలినవి పడేసినట్టు ఉంటుంది, జాగ్రత్త.

ఆట మార్చే ఉద్దేశం ఉంటే 2016లో వచ్చిన మాస్క్స్ చూడు. అందులో దెబ్బ తగిలితే రక్తం లెక్కపెట్టరు, భయం, కోపం, అపరాధభావం లాంటివి గుర్తుపెడతారు, కాబట్టి కొండని ఎత్తేవాడూ ఏ పవరూ లేనివాడూ ఒకే రకంగా దెబ్బతింటారు. పవర్లు అంతంతమాత్రంగా ఉండి ఇష్టంతో హీరో అయినవాడి కోసం బీకన్ అని విడిగా ఒక క్యారెక్టర్ రకమే పెట్టారు.

నీ సంగతికొస్తే, ముందు ఆ ఎగిరేవాణ్ణి ఒక టీకి పిలిచి విషయం చెప్పు, చాటుగా వాడి షీట్ మీద చేయి వేయొద్దు. ఆ అమ్మాయిని నీ విలేకరికి కావలిలో ఎవరెవరు తెలుసు అని అడిగి పది పేర్లు రాయించు, చేపల మార్కెట్లో ఒకరు, స్టేషన్లో ఒకరు, ఆస్పత్రిలో ఒకరు. వచ్చే సెషన్‌లో విలన్ ఎక్కడ దాక్కున్నాడో ఆ పది మందిలో ఒకరికి మాత్రమే తెలిసి ఉండాలి.