పాఠకుల ప్రశ్నలు – జవాబులు: నల్లగొండ లోక్‌సభ ఓట్ల లెక్కలు

ప్రశ్న: 1952లో నల్లగొండ నుంచి గెలిచిన రావి నారాయణరెడ్డికి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు వచ్చాయని మా ఊళ్లో పెద్దలు చెబుతారు. అప్పుడు ఒక్కొక్కరికి రెండేసి ఓట్లు ఉండేవట కదా. మరి ఆ పోలిక నిలుస్తుందా?
– డిగ్రీ విద్యార్థి, మిర్యాలగూడ

జవాబు: నిలుస్తుంది. రావి నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లు వచ్చాయి, నెహ్రూకు 2,33,571. నల్లగొండ ద్విసభ్య నియోజకవర్గం, అంటే ఒకే స్థానం నుంచి ఇద్దరు ఎంపీలు ఎన్నికయ్యేది, అన్న మాట నిజమే. అయితే నెహ్రూ పోటీ చేసిన అలహాబాద్ తూర్పు – జౌన్‌పూర్ పశ్చిమ స్థానం కూడా అలాంటిదే. రెండుచోట్లా ఓటరుకు రెండు బ్యాలెట్ పత్రాలు ఇచ్చారు, కానీ రెండూ ఒకే అభ్యర్థికి వేస్తే ఒక్కటే చెల్లేది. కాబట్టి 3,09,162 అంటే అంతమంది మనుషులే తప్ప, ఒకరు రెండుసార్లు వేయగా పెరిగిన అంకె కాదు.

పొరపాటు జరిగేది శాతాల దగ్గర. చెల్లిన ఓట్లన్నీ కలిపి భాగిస్తే అభ్యర్థి బలం సగానికి దగ్గరగా కుదించుకుపోయి కనిపిస్తుంది. పోలింగుకు వచ్చిన ప్రతివారూ రెండు ఓట్లూ వాడుకున్నారనుకుంటే, లెక్కలో 30 శాతం వచ్చిన అభ్యర్థికి 60 శాతం మంది ఓటర్లు ఓటేసినట్టు. అందుకే 1952, 1957 శాతాలను 1962 తర్వాతి శాతాల పక్కన పెట్టి 'బలం పెరిగింది' అని రాసే వ్యాసాలను నమ్మవద్దు. 1961 చట్టంతో ద్విసభ్య స్థానాలు రద్దయ్యాయి.

హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉన్నందున ఆయన పోటీ చేసింది పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో. పాత రికార్డుల్లో 'సీపీఐ' అని వెతికితే 1952 నల్లగొండ దొరకదు, 'పీడీఎఫ్' అని వెతకాలి.

ప్రశ్న: ద్విసభ్య స్థానంలో ఇద్దరు విజేతలను ఎలా తేల్చేవారు? ఎక్కువ ఓట్లు వచ్చిన మొదటి ఇద్దరేనా?
– ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: అలా కాదు. ముందు రిజర్వుడు సీటు నింపేవారు. ఆ వర్గానికి చెందిన అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి అది దక్కేది. తర్వాత మిగిలిన అందరిలో ఎవరికి ఎక్కువ వస్తే వారిది జనరల్ సీటు. ఆ 'అందరిలో' రిజర్వుడు వర్గానికి చెందిన మిగతా అభ్యర్థులు కూడా ఉంటారు. నల్లగొండలో 1952లో ఈ మెలిక అవసరం పడలేదు. జనరల్ సీటు రావి నారాయణరెడ్డికి, ఎస్సీ సీటు సుంకం అచ్చాలుకు దక్కాయి. ఇద్దరూ పీడీఎఫ్ వారే.

మెలిక ఎంత బలమైందో మీ ప్రాంతంలోనే 1957లో తేలింది. పార్వతీపురం ద్విసభ్య స్థానంలో ఒక సీటు ఎస్టీలకు రిజర్వు చేశారు. రిజర్వుడు సీటు బి. సత్యనారాయణ దొరకు వెళ్లింది. జనరల్ సీటులోనూ గిరిజన అభ్యర్థి డిప్పల సూరి దొరే నెగ్గగా వి.వి. గిరి ఓడిపోయారు. రెండు సీట్లూ గిరిజనులకే ఎలా ఇస్తారని గిరి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. జనరల్ సీటు అంటే అందరిదీ అని కోర్టు 1959లో తేల్చింది. పదేళ్ల తర్వాత ఆయన రాష్ట్రపతి అయ్యారు.

ప్రశ్న: 1996లో నల్లగొండలో 480 మంది ఎందుకు పోటీ చేశారు? ఇప్పుడు అలా సాధ్యమా?
– పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఫ్లోరైడ్ నీళ్ల వల్ల. జిల్లాలో భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటి, పళ్లు గారపట్టి, ఎముకలు వంగిపోయిన ఊళ్లు ఎన్నో. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్ తీసే పద్ధతిని ప్రపంచమంతా 'నల్లగొండ టెక్నిక్' అనే పిలుస్తుంది. ఏ ఊరూ కోరుకునే కీర్తి కాదది. కృష్ణా నీళ్లు ఇవ్వాలంటూ జలసాధన సమితి సామూహికంగా నామినేషన్లు వేయించింది. అప్పట్లో లోక్‌సభకు డిపాజిట్ 500 రూపాయలే. పోటీ చేసిన 480 మందిలో 477 మంది డిపాజిట్లు పోయాయి. గెలిచింది సీపీఐ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం.

అన్ని పేర్లు ఒక్క కాగితంలో పట్టక బ్యాలెట్‌ను పుస్తకంలా కుట్టాల్సి వచ్చింది. పోలింగ్ వాయిదా పడింది. అదే ఏడాది బెల్గాంలో 456 మంది, తమిళనాడులోని మొదకురిచ్చి అసెంబ్లీ స్థానంలో 1,033 మంది బరిలో నిలిచారు. ఆ వెంటనే చట్టం మారింది. డిపాజిట్ 10,000 అయింది (ఎస్సీ, ఎస్టీలకు సగం), స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకులు తప్పనిసరి అయ్యారు. 2010 నుంచి డిపాజిట్ 25,000. 480 మందికి అప్పుడు 2.4 లక్షలు సరిపోయేది, ఇప్పుడు 1.2 కోట్లు కావాలి. నీళ్ల సమస్య కంటే ముందు డిపాజిట్ సమస్య తీరింది అనుకోవచ్చు.

డబ్బు పోగుచేసుకున్నా యంత్రం ఒప్పుకోదు. ఒక బ్యాలెట్ యూనిట్‌లో 16 మీటలు ఉంటాయి. ఎం3 రకం ఈవీఎంకు గరిష్ఠంగా 24 యూనిట్లు తగిలించవచ్చు. అంటే 384 మీటలు, నోటా పోను 383 మంది. 480 మంది నిలిస్తే మళ్లీ కాగితమే గతి. 2019లో నిజామాబాద్‌లో, ఎక్కువగా పసుపు, జొన్న రైతులే నామినేషన్లు వేయగా, 185 మంది మిగిలారు. నోటాతో 186 మీటలు కావాలి కనుక పోలింగ్ కేంద్రానికి 12 యూనిట్లు పెట్టారు.

ప్రశ్న: డిపాజిట్ దక్కాలంటే ఎన్ని ఓట్లు రావాలి? నోటా ఓట్లు లెక్కలోకి వస్తాయా?
– పాఠకుడు, కోదాడ

జవాబు: చెల్లిన ఓట్లలో ఆరో వంతు కన్నా ఎక్కువ. చెల్లినవి 12,00,000 అయితే సరిగ్గా 2,00,000 వచ్చినా పోతుంది, 2,00,001 కావాలి. నోటా ఓట్లు చెల్లిన ఓట్లలోకి రావు.

ప్రశ్న: 1971లో నల్లగొండ ఎంపీ కాంగ్రెస్ అని ఒకచోట, తెలంగాణ ప్రజా సమితి అని మరోచోట ఉంది. ఏది సరి?
– పరిశోధక విద్యార్థి, వరంగల్

జవాబు: ఎన్నికల ఫలితానికి ప్రజా సమితే సరి. కంచర్ల రామకృష్ణారెడ్డి ఆ పార్టీ తరఫునే గెలిచారు. తెలంగాణలోని 14 స్థానాల్లో 10 ఆ పార్టీ గెలుచుకుని, అదే ఏడాది సెప్టెంబరులో కాంగ్రెస్‌లో కలిసిపోయింది. మీరు చూసిన, కాంగ్రెస్ అని ఉన్న జాబితా విలీనం తర్వాతది. పట్టిక తయారుచేసేటప్పుడు 'గెలిచిన నాటి పార్టీ' అని ఒక గడి విడిగా పెట్టుకోండి.

ప్రశ్న: మా మండలంలో 2004, 2009, 2024 ఓట్లు పోల్చాలనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?
– పాఠకుడు, సూర్యాపేట

జవాబు: ముందు హద్దులు చూసుకోండి. 2008 పునర్విభజనతో మిర్యాలగూడ లోక్‌సభ స్థానం పోయి భువనగిరి కొత్తగా వచ్చింది. 2009 నుంచి నల్లగొండ కింద దేవరకొండ, నాగార్జునసాగర్, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ, సూర్యాపేట, నల్లగొండ అసెంబ్లీ సెగ్మెంట్లు ఉన్నాయి. 2004లో సురవరం సుధాకర్‌రెడ్డి గెలిచిన నల్లగొండ, 2009లో గుత్తా సుఖేందర్‌రెడ్డి గెలిచిన నల్లగొండ పేరుకే ఒకటి. 2016లో జిల్లాను మూడు ముక్కలు చేసినప్పుడు మాత్రం నియోజకవర్గం హద్దు కదల్లేదు. అందుకే 2019లో ఉత్తమ్‌కుమార్‌రెడ్డికి వచ్చిన 25,682 ఆధిక్యాన్నీ, 2024లో కుందూరు రఘువీర్‌రెడ్డికి వచ్చిన 5,59,905 ఆధిక్యాన్నీ నేరుగా పోల్చవచ్చు.

నియోజకవర్గం మొత్తం అంకెలు ఎన్నికల సంఘం గణాంక నివేదికల్లో ఉంటాయి. మీకు కావలసింది ఊరి స్థాయి కాబట్టి ఫారం 20 (పోలింగ్ కేంద్రాల వారీగా ఓట్లు చూపే పత్రం) తీసుకోండి. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో సెగ్మెంట్‌కు ఒక ఫైలు ఉంటుంది. అందులో పోలింగ్ కేంద్రం సంఖ్య ఉంటుంది కానీ ఊరి పేరు ఉండదు. అదే ఎన్నికల నాటి పోలింగ్ కేంద్రాల జాబితా పక్కన పెట్టుకుని, సంఖ్యను బట్టి బడి పేరు, దాన్ని బట్టి ఊరు కలపాలి. ఈ సంఖ్యలు ఎన్నికకూ ఎన్నికకూ మారతాయి. 2009లో 112వ కేంద్రం 2024లో మరో ఊరిది కావచ్చు. ఎక్కువమంది తప్పేది ఇక్కడే.

స్కాన్ చేసిన పాత ఫైళ్లలో 3, 8 ఒకేలా కనిపిస్తాయి. ప్రతి పేజీలో అడ్డం మొత్తం, నిలువు మొత్తం రెండూ వేసి చూడండి. చివరగా ఏడు సెగ్మెంట్ల మొత్తానికి పోస్టల్ ఓట్లు కలిపితే ప్రకటించిన ఫలితం రావాలి. పోస్టల్ ఓట్లు ఏ ఊరి లెక్కలోనూ చేరవు, వాటిని మండలాలకు పంచే ప్రయత్నం చేయవద్దు. 2004కు మీ మండలం మిర్యాలగూడ స్థానంలో ఉందో, నల్లగొండలో ఉందో పాత పునర్విభజన ఉత్తర్వులో చూసుకుని, ఆ స్థానం ఫైలే తెరవండి.