కొత్తగా సర్పంచ్ అయిన మేనకోడలికి

చిట్టితల్లికి ఆశీస్సులు.

"మామయ్యా, పింఛన్లు నేనే ఇప్పిస్తాననుకొని జనం ఇంటికొస్తున్నారు, నా దగ్గరేమో సంతకం పెట్టే కాగితం కూడా లేదు" అని ఫోన్లో అన్నావు. నిజమే. నేను పంచాయతీ కార్యదర్శిగా చేరిన కొత్తలో పింఛను డబ్బులు ఆఫీసులోనే లెక్కపెట్టి చేతికిచ్చేవాళ్లం. ఇప్పుడవి పోస్టాఫీసుకో బ్యాంకు ఖాతాకో పోతున్నాయి, మంజూరు పైనుంచే. 1993లో అమల్లోకొచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు 29 అంశాలు రాసింది. సాంఘిక సంక్షేమమూ అందులో ఉంది. ఎంత అప్పగించాలన్నది మాత్రం రాష్ట్రాలకే వదిలేసింది. దానిమీద ఉపన్యాసాలు బోలెడు విన్నాను, నీకొద్దులే.

నీ చేతిలో ఏం మిగిలిందో చూడు. ఊళ్లో జనన మరణాల నమోదు పంచాయతీదే. వితంతు పింఛనుకు దరఖాస్తు పెడితే మొదట అడిగేది భర్త మరణ ధ్రువపత్రం. 21 రోజుల్లోపు చెబితే పైసా ఫీజు లేకుండా నమోదవుతుంది. ఏడాది దాటితే పైఅధికారి ఉత్తర్వు కావాలి. దినకర్మల హడావిడిలో ఇవన్నీ ఎవరికి గుర్తుంటాయి? పరామర్శకు వెళ్లినప్పుడే కార్యదర్శికి కబురు పెట్టు. పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించు. ఒకదాంట్లో వెంకటయ్య, ఇంకోదాంట్లో వెంకయ్య అని పడితే పాపం ఆవిడ మండలాఫీసు చుట్టూ నెలల తరబడి తిరగాలి.

రెండోది గ్రామసభ. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018 ప్రకారం రెండు నెలలకోసారి జరగాలి. చాలాచోట్ల సభలో జరిగింది రాసే మినిట్స్ బుక్ పట్టుకొని ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించుకొస్తారు, ఆ పని చేయనివ్వకు. లబ్ధిదారుల జాబితా వస్తే ఎంపికైనవాళ్లతో పాటు, పక్కన పెట్టినవాళ్ల పేర్లూ కారణంతో సహా చదివించు. గోలవుతుంది, కానివ్వు. చనిపోయినవాళ్లు, ఊరొదిలి పోయినవాళ్లు జాబితాలో ఉంటే ఆ గోలలోనే బయటపడతారు. కారణం చెప్పకుండా తీసేసిన పేర్లకు సభ తీర్మానం రాయించి మండలానికి పంపు, అందినట్టు రసీదు తీసుకో.

'ఇప్పిస్తా' అని ఎవరితోనూ అనకు. 'ఎక్కడ ఆగిందో కనుక్కుంటా' అను, అన్నాక కనుక్కో.

సభ సంగతి వాట్సాప్ గ్రూపులో పెట్టేసి ఊరుకోకు, ముందురోజు చాటింపు వేయించు. పింఛను కావాల్సిన ముసలాళ్లలో చాలామందికి ఆ గ్రూపే తెలియదు. ఇంకోమాట, మీ ఆయన్ని తెచ్చి నీ పక్క కుర్చీలో కూర్చోబెట్టకు. జనం అర్జీలు అతని చేతికే ఇస్తారు.

మీ మామయ్య