మూఢంలోనూ కట్టవలసిన అద్దె

నెల్లూరు

చిరంజీవి మేనల్లుణ్ణి మీ మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

కోవూరులో నువ్వు పెట్టిన షామియానాల షాపుకు మాఘమాసంలో ఇరవై రెండు ఫంక్షన్లు వచ్చాయనీ, ఆ ఊపులో రెండో వ్యాను కొందామనుకుంటున్నాననీ రాశావు. సంతోషం. అయితే అడ్వాన్సు ఇచ్చేముందు నీ ఖర్చులను రెండుగా విడదీసి చూసుకో.

నువ్వు పంపిన కాగితం ప్రకారం నెలకు గోడౌను అద్దె 15,000, వ్యాను కిస్తు 18,500, నెల జీతానికి ఉన్న ఇద్దరికి 28,000, ఏడాది బీమాను పన్నెండుతో భాగిస్తే 2,500, కరెంటు, ఫోను వగైరాకు 4,000, వెరసి 68,000 రూపాయలు. ఒక్క బేరం రాకపోయినా చెల్లించక తప్పని ఈ మొత్తమే స్థిర వ్యయం. రోజు కూలీలు, డీజిలు, తివాచీల ఉతుకు, విరిగిన కుర్చీలు మాత్రం బేరం కుదిరితేనే పుట్టే ఖర్చులు, అంటే చర వ్యయం. అవి ఒక్కో ఫంక్షనుకు సగటున 6,000 అవుతున్నాయి.

కరెంటు బిల్లు అటూ ఇటూ కాని రకం. ఇరవై ఫంక్షన్లు చేసిన నెలలో 6,200, నాలుగే చేసిన నెలలో 3,000 వచ్చిందన్నావు. పదహారు ఫంక్షన్ల తేడాకు 3,200 పెరిగింది కాబట్టి ఒక్కోదానికి 200 చరం. నాలుగు ఫంక్షన్ల 800 తీసేస్తే మిగిలిన 2,200 స్థిరం. పై 4,000లో కరెంటు కింద ఆ 2,200 ఒక్కటే ఉండాలి.

ఫంక్షనుకు నీకు వచ్చేది సగటున 14,000. అందులో 6,000 పోగా మిగిలే 8,000 ముందుగా 68,000 అప్పును తీర్చాలి. కనుక నెలకు తొమ్మిది ఫంక్షన్లు అయ్యేదాకా నీ జేబులోకి ఏమీ రానట్టే. మాఘంలో లక్షా ఎనిమిది వేలు మిగిలింది నిజమే. కానీ మన వ్యాపారాన్ని నెలతో కొలవకూడదు, పంచాంగంతో కొలవాలి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలు. ఇవి కాక గురు శుక్ర మూఢాలు, కొన్నేళ్లకొకసారి అధికమాసం. గోడౌను యజమాని మూఢమని అద్దె మానుకోడు కదా! ఏడాదికి 8,16,000 స్థిర వ్యయం అంటే 102 ఫంక్షన్లు కావాలి. పెళ్లిళ్లు జరిగేది ఎనిమిది నెలలే అనుకుంటే నెలకు పదమూడు తెచ్చుకోవాలి. మొహర్రంలో జరిగే బారాషహీద్ దర్గా రొట్టెల పండుగ కొంత ఆదుకుంటుంది గానీ, మొహర్రం ఏటా పది పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది కాబట్టి దాన్ని ఫలానా నెల ఆదాయమని రాసిపెట్టుకోవద్దు.

వ్యాను విషయంలో నేను దెబ్బ తిన్నవాణ్ణి. ఒక మాఘంలో మురిసిపోయి రెండో బండి కొన్నాను. ఆషాఢంలో అది గోడౌను ముందు నిలబడి ఉండగా, కిస్తు కోసం మీ అత్తయ్య గాజులు తాకట్టు పెట్టవలసి వచ్చింది. నీకు కొత్త బండి కిస్తు, డ్రైవరు, బీమా కలిపి నెలకు 35,000 చొప్పున ఏడాదికి 4,20,000 స్థిర వ్యయం పెరుగుతుంది. రద్దీ ముహూర్తాలకు బయటి వ్యాను డీజిలుతో సహా ట్రిప్పుకు 2,500కి దొరుకుతున్నప్పుడు, ఏటా 168 ట్రిప్పులు పడితే గానీ సొంత బండి గిట్టదు. సొంత బండికైనా డీజిలు పోయవలసిందే కనుక అసలు లెక్క ఇంకా పైనే ఉంటుంది.

ఇంకొక మాట. శూన్యమాసంలో బుచ్చిరెడ్డిపాళెం నుంచి ఎవరైనా 10,000కే ఓణీల ఫంక్షను అడిగితే, నష్టమని తిప్పి పంపవద్దు. చర వ్యయం పోగా ఆ 4,000 అద్దెలో పడుతుంది. ముహూర్తాల రోజున మాత్రం అదే ధరకు ఒప్పుకుంటే పూర్తి ధర ఇచ్చేవాణ్ణి పోగొట్టుకుంటావు.

గత పన్నెండు నెలల ఆర్డర్ల పుస్తకం, బయటి వ్యాన్లకు ఇచ్చిన రసీదులు తీసుకుని ఆదివారం ఇంటికి రా. ఎన్ని ట్రిప్పులు పడ్డాయో ఇద్దరం లెక్కపెడదాం. అప్పటిదాకా షోరూముకు వెళ్లవద్దు.

ఆశీస్సులతో,
మీ మామయ్య