వేరుశనగ చెక్క రెట్టింపు చేసినా పాలు పెరగలేదు... మా అమ్మాయి ఆ చదువే చదువుతానంటోంది

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లె. నాలుగు జెర్సీ క్రాస్ ఆవులున్నాయి. వరిగడ్డి, వేరుశనగ చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి) పెడతాం. పాలు పెరుగుతాయని చెక్క రెట్టింపు చేస్తే ఖర్చు పెరిగింది గానీ పాలు పెరగలేదు. ఇంటర్ బైపీసీ అయిన మా అమ్మాయి, 'ప్రొటీన్ ఎక్కువై మూత్రంలో పోతోంది నాన్నా' అంటోంది. పశుపోషణే, అంటే పశువుల మేత, దాణాల శాస్త్రమే చదువుతానని పట్టుబట్టింది. ఆవుకి మేత వేయడానికి కూడా చదువా అని చుట్టాలు నవ్వుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: నవ్వనివ్వండి. మీ అమ్మాయి చెప్పింది నిజం.

ఆవు తిన్న ప్రొటీన్ నేరుగా పాలలోకి రాదండీ. పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు అందులో ఎక్కువ భాగాన్ని అమ్మోనియాగా విరగ్గొట్టి, దాంతో తాము పెరుగుతాయి. తర్వాత పేగుల్లోకి జారి అవే ఆవుకు ప్రొటీన్ అవుతాయి. కానీ అవి పెరగాలంటే పిండిపదార్థాల నుంచి వచ్చే శక్తి కావాలి. మీ చెక్కలో ప్రొటీన్ 40 శాతం పైమాటే, పొట్టలో తొందరగా కరిగిపోతుంది కూడా. పక్కనున్న వరిగడ్డిలో శక్తి అంతంతమాత్రం. దాంతో మిగిలిన అమ్మోనియా రక్తంలో కలిసి, కాలేయంలో యూరియాగా మారి మూత్రంలో పోతుంది. ఆ మార్చే పనికి కూడా ఆవు ఒంట్లోని శక్తే ఖర్చు. ప్రొటీన్ తక్కువైతే పాలు తగ్గడమూ నిజమే. బాగా పాలిచ్చే ఆవుకు తేమ తీసేసిన మేత లెక్కన ప్రొటీన్ 16 శాతం దగ్గర ఉంటే చాలావరకు సరిపోతుంది. అన్నీ కుదిరినా, తిన్న ప్రొటీన్‌లోని నత్రజనిలో పాలలోకి చేరేది 25 నుంచి 30 శాతమే.

చెక్క కొంత తగ్గించి మొక్కజొన్న పిండి కలపొచ్చు, మన జిల్లాలో దానికి కొరత లేదు. ఒక్కసారిగా మాత్రం మార్చకండి, పొట్టలో ఆమ్లం పెరిగి ఆవు మేత మానేస్తుంది. మీ పశువైద్యుణ్ని అడిగి మెల్లగా మార్చండి.

ఇక చదువు. పాల ఖర్చులో సగానికి పైగా మేతదే. ఈ లెక్క కట్టగలిగినవాళ్లు దాణా కంపెనీలకు, డెయిరీలకు ఎప్పుడూ కావాలి. దారి బీవీఎస్సీ అండ్ ఏహెచ్ అనే పశువైద్య డిగ్రీ, ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీ కాలేజీ మీ పక్కనే గరివిడిలో ఉంది. అఖిల భారత కోటా 15 శాతం సీట్లకు నీట్ ర్యాంకు చూస్తారు. తర్వాత పశుపోషణలో పీజీ, అంటే ఎంవీఎస్సీ రెండేళ్లు. హర్యానాలోని కర్నాల్ ఎన్‌డీఆర్‌ఐ (జాతీయ పాడి పరిశోధన సంస్థ) లాంటి చోట సీటు వస్తే మరీ మంచిది.

ఒక ఇబ్బంది మాత్రం ముందే చెప్పాలి. డిగ్రీలో పోషణ ఒక భాగమే. అడ్డం తిరిగిన దూడను లాగడం, చచ్చిన గేదెకు పోస్టుమార్టం చేయడం కూడా నేర్పుతారు. అవి తట్టుకోలేక మధ్యలో మానేసిన పిల్లల్ని చూశాను. మేత శాస్త్రమే నచ్చినా డిగ్రీలో ఆసుపత్రి పని తప్పదు. పోషణలోకి వెళ్లకపోయినా ప్రభుత్వ పశువైద్యాధికారి పోస్టులకు అర్హత ఉంటుంది, అది మీకు కాస్త ధైర్యం.

దరఖాస్తుకు ముందు ఒక నెల ఆమెకో నోట్‌బుక్ ఇవ్వండి. ఏ ఆవుకు ఎంత దాణా వేశారో తూచి, రెండు పూటలా పాలు కొలిచి రాయమనండి. దగ్గర్లో ఆవు ఈనుతుంటే డాక్టరు గారి పక్కన నిలబడనివ్వండి. వారం తిరక్కుండా నోట్‌బుక్ మూలన పడేస్తే మళ్లీ నాకు రాయండి, వేరే దారి మాట్లాడుకుందాం.